జీవసాక్షి

మూడో డాక్యుమెంటరీ తెర మీదికి వచ్చేసరికి నూకరత్నం మణికట్టుకున్న నాడిపట్టీ ఆకుపచ్చగానే వెలుగుతోంది. అంతకుముందు చూసిన రెండింటికీ ఆమె "జీవసాక్షి లేరు" అంది. అనగానే సవరణయంత్రం పని మొదలుపెట్టింది. చిత్రంలో రైతుల వీపుల మీద లాఠీలు విరిగిన రోడ్డు మీద ఇప్పుడు జాతర జరుగుతోంది. కిందపడ్డవాళ్ళు లేచి నవ్వుతూ నడిచిపోతున్నారు. రేపటినుంచి ప్రతి బడిలోనూ అదే చరిత్ర. కళ్ళారా చూసినవాళ్ళు ఒక్కరు బతికున్నా చిత్రాన్ని ముట్టుకోకూడదని చట్టం. ఆ ఒక్కరూ లేరని చెప్పడానికే నూకరత్నం లాంటి పరిశీలకులు.

కిందటేడు పక్క కుర్చీలోని కామేశం ఒక చిత్రానికి "ఉన్నారు" అన్నాడు. మర్నాడు ఆ కుర్చీలో వేరే మనిషి కూర్చున్నాడు. కామేశం ఏమయ్యాడని ఎవరూ అడగలేదు. నూకరత్నం కూడా అడగలేదు.

"తెల్లరేవు కాల్పులు," అన్నాడు వెనక నిలబడ్డ పర్యవేక్షకుడు వైకుంఠరావు. "పాత గొడవ. తొందరగా కానియ్యమ్మా."

ఆ పేరు వినగానే ఆమె తెర వైపు ముందుకు వంగింది.

తెర మీద ఇసుక, వలలు, పోలీసు వ్యాన్లు. పోర్టు కోసం ఊరు ఖాళీ చెయ్యమంటే ఆడవాళ్ళు దారికి అడ్డంగా కూర్చున్నారు. నీలం చీర కట్టుకున్న ఒకామె కెమెరా వైపు చెయ్యి ఊపి అరుస్తోంది: "సముద్రాన్నొగ్గేసి ఎక్కడికెల్తాం బాబూ? మా పేణాలు తీసి మరీ ఎల్లండి!"

అమ్మ. ఇన్నేళ్ళకు మళ్ళీ ఆ గొంతు.

తుపాకులు పేలాయి. జనం చెల్లాచెదురయ్యారు. అమ్మ ఒడ్డున బోర్లించిన పడవ దగ్గరికి పరుగెత్తి, దాని అంచు పక్కన కూలబడింది. ఇసుకతో చెబుతున్నట్టు, "బయటికి రాకే... నాను పిలిసేదాకా రాకు" అంది. ఆ తరవాత కదల్లేదు. ఆమె ఎవరితో మాట్లాడిందో తెలియదన్నాడు వ్యాఖ్యాత.

నూకరత్నానికి తెలుసు. పడవ కింద తారు వాసన, ఊపిరాడని వేడి, అరవకుండా నోట్లో కుక్కుకున్న తన పిడికిలి. తరవాత పిన్ని ఎత్తుకుపోయి, వేరే ఊళ్ళో పుట్టినట్టు రాయించి పెంచింది. పడవ కింది పిల్ల ఏ చిత్రంలోనూ లేదు. నోరు మెదపకపోతే ఎవరికీ తెలియదు.

గుండె వేగం పెరగడంతో నాడిపట్టీ ఎర్రబడింది.

"ఏమైంది?"

"టిఫిన్ చెయ్యలేదు సార్."

"సరే. జీవసాక్షి?"

యంత్రం అప్పుడే నీలం చీర అంచుల్ని కొలుచుకుంటోంది. ఆమె "లేరు" అని ఒక్క మాట అంటే చాలు, అమ్మ లేచి ఇసుక దులుపుకుని నవ్వుకుంటూ వెళ్ళిపోతుంది.

"ఉంది," అంది నూకరత్నం. "నేనే. ఆ పడవ కింద ఉన్నాను."

యంత్రం రొద ఆగిపోయింది. హాల్లో తలలన్నీ ఇటు తిరిగాయి. వైకుంఠరావు ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"వెనక్కి తీసుకోమ్మా. నోరు జారిందని చెప్పేస్తాను. పైవాళ్ళ సంగతి నీకు తెలీదు."

"తెలుసు సార్." ఆమె తెర మీంచి చూపు తిప్పలేదు. "తీసుకోను."

వరండాలో అడుగుల చప్పుడు దగ్గరికొస్తోంది. వైకుంఠరావు తలుపు దాకా వెళ్ళాడు. ఒక్క క్షణం తటపటాయించి, లోపలి గడియ వేశాడు. తిరిగొచ్చి రికార్డరు నొక్కి, చట్టంలో ఉన్నా ఆ హాల్లో ఎవరూ ఎన్నడూ అడగని ప్రశ్న అడిగాడు.

"ఏం చూశావమ్మా?"

బయటినుంచి తలుపు మీద దబదబా బాదుతున్నారు.

"ముందు మా అమ్మ పేరు ఎక్కించండి సార్," అంది నూకరత్నం. "మైలపల్లి పోలమ్మ."