నీడ ఎగిరిన మెట్టు

ఆట పోయింది.

పిల్లలు వీధిలో ఆడుకునే ఆట కాదు. కంప్యూటర్లో ఆడే వీడియో గేమ్. ఆరేళ్లుగా ఒక అక్కా తమ్ముడూ కంటి మీద కునుకు లేకుండా తయారుచేస్తున్నది. పొద్దున్న వచ్చి చూస్తే సర్వర్‌లో లేదు. బ్యాకప్ డిస్క్‌లోనూ లేదు. ఊడ్చి కడిగేసిన గదిలా ఉంది అంతా.

సైబర్ క్రైమ్ ఇన్‌స్పెక్టరమ్మ వచ్చేసరికి పదకొండు. టైర్ల కొట్టు పైన మూడు గదులు, అదే ఆ స్టూడియో. మెట్లెక్కుతుంటేనే రబ్బరు వాసన గుప్పుమంది.

గోడ మీద మూడు పోస్టర్లున్నాయి. 'దీపాల వీధి': మొదటి ఆట, అక్కాతమ్ముళ్లిద్దరే వంటింట్లో కూర్చుని చేసింది. దాంతో నలుగురికీ తెలిశారు. 'ఒంటె మీద ఊరు': రెండోది, దాంతో ఈ గదులొచ్చాయి. 'నత్తల రైలు': మూడోది, దాన్ని కొన్నవాళ్లు లేరు, ఆడినవాళ్లు లేరు. దాని తర్వాత జీతానికున్నవాళ్లంతా ఒక్కొక్కరే జారుకున్నారు.

నాలుగో పోస్టరుకి మేకు కొట్టి ఉంది. పోస్టరు లేదు.

"పోయిందని మొదట చూసిందెవరు?"

"నేనే మేడమ్." మూల కుర్చీలో ఉన్న అమ్మాయి లేచింది. టెస్టర్. రోజంతా ఆట ఆడి తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. "ఆడుకుంటే జీతమిస్తారంటే మా అమ్మ ఇప్పటికీ నమ్మదు మేడమ్. ఇక ఇవాళ్టి నుంచి నమ్మక్కర్లేదు లెండి."

"పాస్‌వర్డ్‌లు ఎవరి దగ్గరున్నాయి?"

"ముగ్గురి దగ్గరా అవే ఉన్నాయి. అక్కగారు, తమ్ముడు సార్, బావగారు."

ముగ్గురూ పక్క గదిలోనే ఉన్నారు. ఒకరి మొహం ఒకరు చూడకుండా.

బావగారు, అంటే అక్క మొగుడు, లెక్కలూ బేరాలూ చూసే మనిషి. అడక్కముందే అందుకున్నాడు.

"దీనికి పెద్ద పరిశోధన ఎందుకు మేడమ్? మా బావమరిదే. స్టూడియోని పెద్ద కంపెనీ కొంటానంది. వాళ్లకి కావలసింది పేరు, పాత ఆటలు; ఈ కొత్తది వాళ్ల చేతికెళ్తే అటకెక్కుతుంది. ఇవాళ సంతకాలు. వీడు మొదట్నుంచీ మొండికేశాడు. నాకు దక్కనిది ఎవరికీ దక్కకూడదని చెరిపేశాడు."

"ఏరా, నిజమేనా?" అంది అక్క. గొంతులో తడి లేదు.

తమ్ముడు కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాడు. గడ్డం మాసింది. చొక్కా బొత్తాలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నాడు. "నా ఆటని నేనే చంపుకుంటానా బావా?"

"నీ ఆటా? చూశారా మేడమ్, నోటంట ఎలా వచ్చిందో!"

ఇన్‌స్పెక్టరమ్మ సర్వర్ లాగ్, అంటే ఎప్పుడేం జరిగిందో రాసుండే చిట్టా, తీయించింది. ముందురోజు సాయంత్రం ఏడూ పదికి చెరిపారు. ఎవరి కంప్యూటర్ నుంచీ కాదు. మూలనున్న టెస్టర్ మెషీన్ నుంచి.

"ఆ టైమ్‌కి ఎవరెక్కడ?"

ముగ్గురూ ఇంటికెళ్లామన్నారు. మొగుడూ పెళ్లాలు కూడా వేరువేరు వేళల్లో ఇల్లు చేరారట; ఎవరికి వాళ్లే సాక్షి. తాళంచెవులు ముగ్గురి దగ్గరా ఉన్నాయి. కింద టైర్ల కొట్టు ఆరింటికే కట్టేస్తారు.

ఇన్‌స్పెక్టరమ్మ వచ్చి టెస్టర్ పక్కన కుర్చీ లాక్కుంది. "ఇందులో ఆట ఉందా?"

"ఆడుకునే కాపీ ఒకటి మిగిలింది మేడమ్, సగం ఆట. దీన్ని పట్టుకుని మిగతా సగం చెయ్యలేం. వండిన కూరలోంచి పచ్చి కాయ తియ్యలేం కదా."

"ఏదీ, చూపించు."

ఆట పేరు 'మేడమెట్లు'. పాత ఇల్లు. సన్నటి మెట్లు. ఒక పాప పైకెక్కుతోంది. ఆ పాపకి కాస్త ముందు బూడిదరంగు ఆకారం ఒకటి నడుస్తోంది.

"అదెవరు?"

"నీడ మేడమ్. ఇది ఈ స్టూడియో అలవాటు. ఈ మెషీన్ మీద ఎవరాడినా ప్రతి కదలికా రికార్డవుతుంది. తర్వాత ఆడేవాళ్లకి ముందు నీడలా నడుస్తుంది. తప్పు ఎక్కడ జరిగిందో దొరుకుతుందని..." అమ్మాయి నోరు తెరిచింది. "అయ్యో! ఇది నా నీడ కాదు. నిన్న నేను తోటలో ఆపాను. మెట్లు ఎక్కనేలేదు."

"అంటే చెరిపిన మనిషి, చెరిపేముందు ఆడారన్నమాట. ఎవరో తెలుస్తుందా?"

"నీడకి మొహం ఉండదు కదా మేడమ్."

పాప మామూలుగా ఎక్కుతోంది. నీడ మాత్రం మూడో మెట్టు దగ్గర ఆగింది. ఎగిరి నాలుగో మెట్టు మీద పడింది.

"ఎందుకు ఎగిరింది?"

"ఏమో మేడమ్. అక్కడ ఎగరాల్సిన పనేం లేదు."

వెనక అడుగుల చప్పుడైంది. తమ్ముడు వచ్చి నిలబడ్డాడు. తెర చూశాడు. మనిషి మొహంలో నెత్తురుచుక్క లేకుండా పోయింది.

"మీకేమైనా తెలుసా?"

తెరకి అడ్డంగా జరిగాడు. తర్వాత గబగబా అనేశాడు. "అది నా నీడే. నేనే చెరిపాను. రాసుకోండి."

ఆ మాట పక్క గదికీ వినిపించింది. "చెప్పానా?" అన్నాడు బావగారు. అక్క ఒక్క మాట అనలేదు. తల వంచుకుని చేతిగాజు తిప్పుకుంటూ కూర్చుంది.

ఇన్‌స్పెక్టరమ్మ ఆ గాజు వంక చూసింది. ఒప్పుకున్నవాణ్ణి తీసుకెళ్లడం ఎంతసేపు? కానీ ఆమె బేడీలు తీయలేదు. టెస్టర్‌తో అంది: "నీడ కనబడకుండా ఆపు. అందరినీ పిలువు. ఒక్కొక్కరూ ఒకసారి ఆ మెట్లెక్కాలి."

"ఇదేం పోలీసు పద్ధతండీ!" అని బావగారు నవ్వాడు. ఆట నడిపే కంట్రోలర్‌ని తలకిందులుగా పట్టుకున్నాడు. పాపని తీసుకెళ్లి గోడకి గుద్దాడు. మళ్లీ గుద్దాడు. మొదటి మెట్టే దొరకలేదు.

"ఇన్నేళ్లుగా అమ్ముతున్నారు, ఒక్కసారీ ఆడలేదా?" అంది టెస్టర్. ఉండబట్టలేకపోయింది పాపం.

తమ్ముడి వంతు. ఎగరాలనే అనుకున్నాడు. వేళ్లు వినలేదు. పాప ఒకటి, రెండు, మూడు మెట్లెక్కి, మూడో దాని మీద నిక్షేపంగా నిలబడింది.

"మీరమ్మా," అంది ఇన్‌స్పెక్టరమ్మ.

"వద్దక్కా," అన్నాడు తమ్ముడు. "పట్టుకోకు."

"ఏం, నీ ఆటని ముట్టుకుంటే మైలపడుతుందా?" అక్క కంట్రోలర్ విసురుగా లాక్కుంది. ఎంత చక్కగా పట్టుకుందో! బొటనవేళ్లు వాటి చోట్లలోకి అవే వెళ్లాయి. ఒకటి. రెండు. ఆగింది. ఎగిరింది. నాలుగు.

టెస్టర్ తెరకి దగ్గరగా వంగింది.

"మూడో మెట్టు ఎందుకు దాటారమ్మా?"

"దాని మీద కాలేస్తే పాప నేలలోకి దిగిపోతుంది కదా. అందరికీ తెలిసిందేగా!"

"నాకు తెలీదే," అంది టెస్టర్ మెల్లగా. "నేను చేరినప్పట్నుంచీ ఆ మెట్టు గట్టిగానే ఉంది."

"మొదట్లో ఉండేది ఆ తప్పు," అన్నాడు తమ్ముడు. "అప్పుడు మనిద్దరమే ఉన్నాం. అదే ఏడాది బాగుచేశాను. నీకు చెప్పాను కూడా అక్కా. ఫోన్ చూసుకుంటూ 'ఊఁ' అన్నావు. ఆ తర్వాత మళ్లీ ఆడలేదు నువ్వు. నిన్నటిదాకా."

"నీడకి మొహం లేదు," అంది ఇన్‌స్పెక్టరమ్మ. "నడక ఉంది."

అక్క కంట్రోలర్ బల్ల మీద పెట్టింది. ఏడుస్తుందనుకున్నారు. ఏడవలేదు.

"అవును, నేనే. సగం వాటా వాడిది. ఈ ఆట ఉన్నన్నాళ్లూ వాడు సంతకం పెట్టడు. ఇది పూర్తి కాదు. కానివ్వడు. అమ్మ గొంతు పెట్టుకున్నాడు అందులో. పూర్తయితే అమ్మ పోయిందని ఒప్పుకోవాలి కదా! నేనెప్పుడో ఒప్పుకున్నాను. ఈ మెట్ల మీదే నాకు జుట్టు నెరిసింది. నాకూ ఒక బతుకు కావాలి."

"మరి చెరిపేముందు ఎందుకాడారు?"

అక్క చెయ్యి మళ్లీ కంట్రోలర్ మీదికి వెళ్లింది. బటన్ నొక్కుకున్నట్టుంది, పాప పైమెట్టు చేరింది. అక్కడ మూసిన తలుపు ఉంది. లోపల్నుంచి ఒక పెద్దావిడ గొంతు పలికింది: "ఇద్దరూ వచ్చారా?"

తలుపు తెరుచుకోలేదు. ఆ తలుపు వెనక గది పోయిన సగంలో ఉంది.

ఇన్‌స్పెక్టరమ్మ తమ్ముడి వైపు తిరిగింది. "ఇంటి గొడవ. ఫిర్యాదు వద్దంటే వెళ్లిపోతాను. ఇందాక నేరం మీ నెత్తిన వేసుకున్నారు కూడా."

తమ్ముడు అక్క ఎదుట నిలబడ్డాడు. "చెరిపావు. సరే. నేనే చేశానన్నాను చూడు, అప్పుడు నీ నోట ఒక్క మాటైనా వస్తుందని చూశాను. నన్ను జీపెక్కించాక అయినా ఆపేదానివా అక్కా?"

అక్క గాజు తిప్పుకుంది.

"రాసుకోండి మేడమ్," అన్నాడు తమ్ముడు. "ఫిర్యాదు నాదే."

"ఇద్దరూ వచ్చారా?" అంది మళ్లీ ఆ గొంతు. ఎవరైనా బదులిచ్చేదాకా అడుగుతూ ఉండేలా చేశాడు దాన్ని తమ్ముడు.

టెస్టర్ వంగి కంప్యూటర్ ప్లగ్ పీకేసింది.