సీసాల మీద మాట్లాడిందెవరు?

ఫిలింనగర్ సందుల్లోకి కూడా సాఫ్ట్‌వేర్ కోచింగ్ బోర్డులు వచ్చేసిన రోజులవి. జూబ్లీహిల్స్‌లో ఒక బంగళా కింది అంతస్తులో చిన్న ల్యాబ్ ఉండేది. మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియాను పట్టే యాంటీబాడీలు తయారు చేయడం అక్కడి పని. ఆ క్రిమికి ఒంటి చుట్టూ గోడ ఉండదు. కణాలు పెంచే సీసాలో చేరినా కంటికి చిక్కదు. మెరిసే రంగు పట్టించిన యాంటీబాడీ వెళ్లి అంటుకుంటేనే మైక్రోస్కోపు కింద ఆకుపచ్చగా వెలుగుతుంది. తరచుగా మనిషి నోట్లోంచే వచ్చి పడుతుంది కాబట్టి సీసాల దగ్గర ఎవరూ మాట్లాడకూడదు.

అక్కడ పనిచేసే ఉదయశ్రీకి మాట్లాడాలనే లేదు. భర్త సృజన్ పోయి ఏడాది తిరగలేదు. అతను డబ్బింగ్ ఆర్టిస్టు, కృష్ణానగర్ కిరాయి గదిలో అద్దంతో కూడా డైలాగులు కొట్టే వాగుడుకాయ. అతని ఊపిరితిత్తుల్లో దూరింది ఆ క్రిమే. డాక్టర్లు క్రిమి గోడను కూల్చే మందులు రాశారు. లేని గోడను అవేం కూలుస్తాయి? ఉదయశ్రీ పరీక్ష చేసి పట్టుకునేసరికే గొంతులో గొట్టం వేశారు. ఆమెను చూసి పెదాలు కదిపాడు. ఏం చెప్పబోయాడో తెలియకుండానే పోయాడు. ఆ ఒక్క మాట కోసం ఆమె గుండె ఇప్పటికీ కొట్టుకుపోతోంది.

అతని కఫంలోని క్రిమికి ఆమే యాంటీబాడీ చేసింది. అది మరే రకం మైకోప్లాస్మానూ ముట్టుకోదు.

ఆ మధ్యాహ్నం ఆమె సీసాల్లో ప్రతిదీ ఆ యాంటీబాడీకే వెలిగింది.

"ఏంటమ్మా ఇది? మాస్కు లేకుండా ఎవరో వీటి మీద మాట్లాడారు," అన్నారు ల్యాబ్ యజమాని సుబ్రహ్మణ్యం గారు. "అన్నీ కాల్చేయండి."

"నేను నోరు తెరవలే సార్."

ఆ గదిలోకి ఆమె తప్ప ఇంకెవరూ రారు. ఆయన వెళ్లాక ఆమె సీసాలు కాల్చలేదు. లోపల గడియ పెట్టి, లైటు ఆర్పి, ఒక సీసా మూత తీసింది. కిటికీల్లేని గది. ఫ్రిజ్ మూలుగు.

"చెప్పు... ఇంటున్న," అంది గుసగుసగా.

లవంగాల వాసన... రికార్డింగుకు ముందు సృజన్ నమిలే లవంగాలు. ఫ్రిజ్ మూలుగు ఆగిపోయింది. మెడ మీద వెచ్చటి తడి ఊపిరి... ఏ పక్క నుంచో తెలియలేదు. ఆమె ఒళ్లంతా చెవులు చేసుకుంది.

"గట్టిగ చెప్పయ్యా... జర గట్టిగ..."

ఊపిరి. మళ్లీ ఊపిరి. మాట లేదు.

లైటు వేసింది. ఎవరూ లేరు. గడియ పెట్టింది పెట్టినట్టే ఉంది. భోరున ఏడ్చింది. ఊపిరి ఏ చెవిని తాకిందో చూద్దామని, ఏడుస్తూనే దూదిపుల్లలతో రెండు చెవులూ తుడిచి, గాజుపలకల మీద రాసి, యాంటీబాడీ చుక్కలు వేసింది. ఆగి, కడిగి, మైక్రోస్కోపులోకి వంగింది.

కుడిచెవి పలక నల్లగానే ఉంది.

ఎడమచెవిది ఆకుపచ్చగా వెలిగింది.

ఆ చెవి ఆమెకు పుట్టుకతోనే వినపడదు. ఆమెకు తెలియకూడని మాట ఉంటే, సృజన్ నవ్వుతూ ఆ చెవిలోనే చెప్పేవాడు.