మూడు ఎండవాన బొంతలు

శనివారం పొద్దున పది గంటలకు ఆదోని పత్తి మార్కెట్టు వెనక ఉన్న మేడ మెట్లెక్కి వచ్చింది పుష్ప. చేతిలో పెద్ద పార్సిలు పెట్టె. దాన్ని బల్ల మీద పెట్టి, కూర్చోమన్నా కూర్చోకుండా, "సార్, సోమవారం సాయంత్రం ఆరు గంటలకు నా అంగడి మూసేస్తారంట," అంది.

"అంగడి యాడుందమ్మా?" అన్నాడు హబీబుల్లా.

"ఫోన్లో సార్."

సునీతకు నవ్వు వచ్చింది గానీ పుష్ప మొహం చూసి ఆపుకుంది. కుర్చీ దగ్గరికి జరిపి, మంచినీళ్ల గ్లాసు ముందు పెట్టింది.

హబీబుల్లా ముప్పై ఏళ్లపాటు బీమా కంపెనీల తరఫున కాలిపోయిన పత్తి మిల్లులు చూసిన మనిషి. నిప్పు దానంతట అదే అంటుకుందో, ఎవరైనా అంటించారో బూడిద చూసి చెప్పేవాడు. ఆ ఉద్యోగం అయిపోయాక ఈ గది అద్దెకు తీసుకుని సొంతంగా విచారణలు చేస్తున్నాడు. రిపోర్టులు టైపు చేయడానికని సునీత ఆయన దగ్గర చేరి నాలుగేళ్లయింది. ఆయన కంటికి ఆనింది తన కంటికి ఎందుకు ఆనలేదా అని ప్రతి కేసులోనూ ఆశ్చర్యపోవడం ఆమెకు అలవాటైంది.

పుష్పది ఎమ్మిగనూరు. పాత నూలు చీరలతో తొమ్మిదిమంది ఆడవాళ్ల చేత బొంతలు కుట్టించి, ఇంటర్నెట్లో అమ్ముతుంది. ఏ బొంతకు ఆ బొంతే, ఒకదానిలా ఇంకొకటి ఉండదు. ఫోటో చూసి మెచ్చినవాళ్లు కొంటారు. ఐదేళ్లలో కుట్టు గురించి ఒక్క మాట పడలేదు. ఈ ఇరవై రోజుల్లో మాత్రం ముగ్గురు ఫిర్యాదు పెట్టారు. చేతి కుట్టు బొంత కొంటే మిషన్ కుట్టుది వచ్చిందని. మూడూ 'ఎండవాన' అనే డిజైనువే. జరిగిందేమిటో సోమవారం లోపల చెప్పకపోతే పుష్ప అంగడిని తీసేస్తామని ఆ సైటువాళ్లు నోటీసు పంపారు.

"ఇంట్లోంచి పోయేటప్పుడు చేతి కుట్టువేనా?"

"నా కండ్లతో సూసినా సార్. ఒక్కొక్క కుట్టూ సూసి, ఫోటో తీసినాకనే ముందుకు పంపుతా. ఇది ఆ లోకేష్ పనే. పార్సిళ్లు తీసుకపోయే ఆయప్ప. వాళ్ల ఆఫీసుకు ఫోన్ చేసి సెప్పినా. పనిలోంచి నిలిపేసినారు."

"ఫోటో తీసినాక వెంటనే పెట్టెలో పెడతావా?"

"లేదు సార్. మారెమ్మ ఉతుకుతాది. మా వదిన సుంకమ్మ, అంటే మా ఆయనకు అక్క, మిద్దె మీద ఆరేసి, లేబులు కుట్టి, లేబులు పైకి కనపడేటట్టు మడతేసి, దారంతో కట్టి ఇస్తాది. నేను పెట్టెలో పెట్టి అంటిస్తా. ఆ మారెమ్మ కూడా తక్కువది కాదు సార్. పోయిన నెల వేరేవాళ్ల దగ్గర పనుందా అని అడిగిందంట."

"లేబుళ్లు ఎవరి దగ్గరుంటాయి?"

"నా బీరువాలో. బొంతకొకటి లెక్కన వదినకు ఇస్తా."

హబీబుల్లా పెట్టె విప్పాడు. కొన్నవాళ్లు తిప్పి పంపిన బొంత అది. పసుపు పచ్చని ముక్కల మీద బూడిదరంగు పట్టీలు ఏటవాలుగా పడి ఉన్నాయి. కుట్టు మాత్రం స్కేలు పెట్టి గీసినట్టుంది. ఒక మూలన 'పుష్ప డిజైన్స్, ఎమ్మిగనూరు' అని లేబులు. ఆయన భూతద్దం తీసి ఆ లేబులు నాలుగు అంచులూ ఓపిగ్గా చూశాడు. రెండు పోగులు తెంపి, దాని కింద కూడా చూశాడు. తర్వాత బొంత మూలలు ఒక్కొక్కటే బొటనవేలితో నలిపాడు. నాలుగో మూల దగ్గర వేలు ఆగింది.

బ్లేడుతో ఆ మూల విప్పితే సన్నని పసుపు గింజలు కొన్ని బల్ల మీద రాలాయి.

"కొర్రలు," అన్నాడు.

పుష్ప తెల్లబోయింది. "మా పక్క బొంత ఆఖరి మూల మూసేముందు నాలుగు గింజలేస్తారు సార్. బొంత కడుపు ఖాళీగా ఉండగూడదని. పురుగు పడతాందని కొన్నవాళ్లు రాస్తే, రెండేండ్ల కిందటే నేను మాన్పించినా. ఇప్పుడు ఎవరూ వేయరు. నేనూ మూలలు నలిపి సూస్తా."

ఆమె వెళ్లాక హబీబుల్లా సునీత వైపు తిరిగాడు. "ఏమనిపిస్తాంది?"

"మిషన్ కుట్టు. గింజలేమో మన పక్క ఆచారం."

"ఆ రెండూ ఒక్క బొంతలో ఎట్ల చేరినాయో తెలిస్తే కేసు అయిపోయినట్టే."

మర్నాడు ఎమ్మిగనూరు బస్సులో సునీత తన ఫోన్లో ఒక వీడియో చూపించింది. నెల కిందట ఎవరో పుష్ప గురించి తీసి పెట్టారు. పట్టుచీర కట్టుకున్న పుష్ప, "ఈ ఎండవాన డిజైను నేనే కనిపెట్టినా," అని నవ్వుతూ చెబుతోంది. వెనక రెండు చేతులు బొంత కుడుతున్నాయి. ఆ చేతుల మనిషి మొహం తెర మీదికి రాలేదు. హబీబుల్లా ఆ వీడియోను రెండుసార్లు చూశాడు.

ముందు లోకేష్ ఇంటికి వెళ్లారు. ముప్పై ఐదేళ్ల మనిషి, బనియన్ మీద గడపలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నాడు.

"పార్సిలు అంటించినాకనే నా చేతికిస్తారు సార్. లోపల బొంతుందో బండుందో నాకేం తెలుసు? పది దినాలుగా ఇంట్లో కూసున్నా. మా ఇంటామెకు నేను తుంచిన చిక్కుడుకాయలు కూడా నచ్చడంలా."

మారెమ్మ కాలవ గట్టు మీద దొరికింది. ప్రశ్న పూర్తికాకముందే విరుచుకుపడింది.

"వేరే పని అడిగినా. అడిగితే దొంగనా? ఇద్దరు పిల్లోళ్లను పెట్టుకోని కోసిగి నుంచి వచ్చినా, పనడక్క ఏం జేయాల? ఉతికి, పిండి, తడిగుడ్డ తడిగానే సుంకమ్మక్క చేతికిస్తా. అది మోసేటప్పటికే నడుమిరుగుతాది. ఇంగ మార్చే ఓపిక యాడుంటాదప్పా?"

"మీ ఊర్లో బొంత కడుపులో ఏమేస్తారమ్మా?"

"జొన్నలు. మా ఇండ్లలో ఇంగేముంటాయి?"

"మిషన్ కుట్టడం వచ్చునా?"

"దాని సక్రం తిప్పేది కూడా తెల్దు."

మధ్యాహ్నం పుష్ప భోజనానికి పట్టుబట్టింది. సుంకమ్మ జొన్నరొట్టెలూ, చెనిక్కాయల కారమూ వడ్డించింది. యాభై దాటిన మనిషి. మాట తక్కువ, చెయ్యి చురుకు. అందరికీ పెట్టి తను వేరే గిన్నె తెచ్చుకుంది.

"నువ్వు రొట్టె తినవా అక్కా?" అంది సునీత.

"సుగరమ్మా. కొర్రన్నమే తింటా."

హబీబుల్లా తల ఎత్తకుండా రొట్టె తుంచుకుంటూ, "ఎండవాన అని పేరెవరు పెట్టినారమ్మా? భలే ఉంది," అన్నాడు.

"నేనే సార్," అంది పుష్ప.

కారం వేయబోయిన సుంకమ్మ చెయ్యి గాలిలో ఒక్క క్షణం ఆగింది. సునీత అది చూసింది. నీళ్ల కోసం వెళ్లినప్పుడు సుంకమ్మ ఉండే వెనక గదిలో పాత చీర కప్పిన కుట్టుమిషన్ కూడా చూసింది. బయటికి వచ్చాక ఆత్రంగా చెప్పబోతే హబీబుల్లా చెయ్యెత్తాడు. "రేపు నాలుగింటికి అందరినీ ఈడికే రమ్మను."

సోమవారం నాలుగింటికి పుష్ప ఇంట్లో నడవా నిండింది. గోడ వారగా మారెమ్మ, గుమ్మంలో చేతులు కట్టుకుని లోకేష్, స్తంభానికి ఆనుకుని సుంకమ్మ. పుష్ప ఫోన్ చేతిలో పట్టుకుని నిలబడలేక కూర్చోలేక తిరుగుతోంది.

"మూడు సంగతులు చెప్తా," అన్నాడు హబీబుల్లా. "మొదటిది లేబులు. అది అసలైనదే. ఒక బొంత మీది లేబులు ఊడదీసి ఇంకోదానికి కుడితే, లేబులు అంచున పాత సూది బెజ్జాలు మిగుల్తాయి. దీనికి ఒక్క వరసే ఉంది. అంటే ఈ లేబులు ఇంకే బొంతకూ కుట్టలేదు, మొదటిసారే దీనికి కుట్టినారు. లేబులు పడేనాటికే బొంత మారిపోయింది. పెట్టె అంటించింది ఆ తర్వాత. కాబట్టి లోకేష్‌కు దీంతో సంబంధం లేదు."

లోకేష్ కట్టుకున్న చేతులు విప్పాడు.

"రెండోది గింజలు. బజార్లో కొన్న బొంతలో గింజలుండవు. ఇది మన పక్క మనిషే కుట్టింది. తప్పు చేస్తూ కూడా బొంత కడుపు ఖాళీగా మూయలేకపోయిన మనిషి. మారెమ్మ అయితే జొన్నలేసేది, మిషన్ ఆమెకు రాదు. ఇవి కొర్రలు. మూడోది, మారినవి మూడూ ఎండవానలే. వేరే బొంతల జోలికి పోలేదు. అమ్ముకోవాలనుకునే దొంగకు అన్ని బొంతలూ ఒకటే. ఎండవానే కావాలనుకున్న మనిషికి ఆ బొంతతో ఏదో లెక్క ఉండాల." ఆయన గొంతు మెత్తబడింది. "సుంకమ్మా, బొంతలు యాడున్నాయి?"

సుంకమ్మ లోపలికి పోయి, ట్రంకు పెట్టె తెరిచి, మూడు బొంతలు గుండెకు హత్తుకుని తెచ్చి చాప మీద పెట్టింది. చేతి కుట్టు పక్కన మిషన్ కుట్టు ఎంత వెలవెలపోతుందో అప్పుడు తెలిసింది సునీతకు.

"వదినా!" అంది పుష్ప. "నువ్వా?"

"ఎండవాన నాది సార్," అంది సుంకమ్మ హబీబుల్లాను చూసి. "మా ఆయన సచ్చిపోయిన ఏడు ఈ మిద్దె మీద కూసోని మొదటిది కుట్టినా. పేరు కూడా నేనే పెట్టినా. నేనే కనిపెట్టినా అని ఈమె ఊరంతటికీ సెప్పింది. నా చేతులు సూపించినారు, నా పేరెత్తలేదు. నేను కుట్టినవి ఆ పేరు మీద పోగూడదనిపించింది. ఆ పేరుకు తగిన బొంత కుట్టి, దానికే ఆ లేబులు ఏసినా."

"నోరు తెరిచి ఒక్క మాట అడిగింటే ఏం పోయేది? ఫోను సూసి సూసి నా కండ్లు పోతాండాయి. ఒక్క బొంత అమ్మాలంటే ఎన్ని తిప్పలో నీకు తెల్సునా?"

"నీ తిప్పలు నేను కాదన్నానా? నువ్వు నోరు తెరిచి మాట్లాడిన దినం నా పేరు యాడికి పోయింది? ఒక్క పొయ్యి మీద తినేవాళ్లం, పేరు కోసం ఎట్ల అడిగేది?"

"గింజలెందుకేసినావమ్మా?" అన్నాడు హబీబుల్లా.

"కప్పుకునేవాళ్లు నాకేం ద్రోహం చేసినారు సార్? కడుపు ఖాళీ బొంత ఎట్ల పంపేది?"

"నా కడుపు మాత్రం ఎవరికీ గుర్తుకు రాలేదక్కా," అన్నాడు లోకేష్.

సుంకమ్మ తల దించుకుంది. "నీ మీదికి వస్తాదనుకోలేదప్పా. వచ్చినాక సెప్పే ధైర్యం లేకపాయె."

గడియారం ఐదున్నర చూపిస్తోంది. సైటువాళ్ల ఫారం పుష్ప ఫోన్లో తెరిచి ఉంది. కారణం దగ్గర రెండే గడులు. దారిలో సరుకు మారిందని ఒకటి, అమ్మేవాళ్ల వైపు తప్పని ఇంకొకటి.

"మొదటిది నొక్కితే?" అంది సుంకమ్మ.

"అంగడి నిలబడతాది. తప్పు పార్సిలోళ్ల మీదికి పోతాది."

"రెండోదైతే?"

"మూసినా మూస్తారు."

మారెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పుష్ప సాయం కోసం హబీబుల్లా వైపు చూసింది. "ఏం జరిగిందో కనుక్కోవడం వరకే నా పనమ్మా," అన్నాడాయన.

పుష్ప తలుపు దగ్గరున్న లోకేష్‌ను చూసింది. చాప మీది బొంతల్ని చూసింది. తర్వాత రెండో గడి నొక్కింది. "వదినా, ఏమని రాయాల?"

"సుంకమ్మ మార్చింది అని రాయి. నాకేం భయంలా."

"మేము అని రాస్తా," అంది పుష్ప, వేళ్లు ఆపకుండా. "బొంతలు మార్చింది నువ్వు. పేరు మార్చింది నేను. అసలువి మూడూ రేపే పంపుతామని కూడా రాస్తాండా." ఆరుకు పది నిమిషాలుండగా ఫారం పంపి, లేచి లోకేష్ ముందుకెళ్లి నిలబడింది. "అన్నా, పొద్దున మీ ఆఫీసుకు నేనే వస్తా. అందరి ముందరా తప్పు నాదని సెప్తా."

"రాక్కా. పది గంటలకు రా, అప్పుడైతే మా మేనేజరు కూడా ఉంటాడు," అన్నాడు లోకేష్.

గురువారం పుష్ప ఫోన్ చేసింది. హబీబుల్లా స్పీకరు పెట్టాడు. అంగడి మూయలేదు. ఎండవాన మాత్రం ముప్పై రోజులు అమ్మకూడదన్నారు. లోకేష్ మళ్లీ పనిలోకి వచ్చాడు.

"మీ వదిన?"

"ఉంటానంది సార్, వదినగా మాత్రం కాదంట. సగం అంగడి తన పేరున కాగితం మీద రాయమనింది. రాసిచ్చినా. నెల లోపల కొత్త డిజైను పెట్టకపోతే తొమ్మిదిమందికీ పనుండదు సార్. ఏదో కుడతాంది గానీ, ఏందో నాకే సూపించడంలా."

"నువ్వు సూస్తే నీదంటావని భయమేమో," అంది సునీత.

పుష్ప నవ్వేలోపు అవతల నుంచి సుంకమ్మ గొంతు గట్టిగా వినిపించింది. "మే పుష్పా, ఆ ఫోన్ ఈడ పెట్టి, సూది పట్టుకో దా! రెండో కొస ఎవరు కుడతారు?"

ఫోన్ కట్టయింది.