ఎర్రజెండా కింద ఖాళీ తూటా

కడప బయట రైఫిల్ క్లబ్బులో ఓబులేసును చంపినవాళ్ళకి మర్యాద బాగా తెలుసు. చంపాక ఖాళీ తూటాని కూడా ఏరుకుపోయారు.

అతను టార్గెట్ కాగితం మారుస్తుండగా వీపులో గుండు దిగింది. అప్పుడు ఎర్రజెండా ఎగురుతూనే ఉంది. ఆ జెండా ఎగిరినంతసేపూ ఎవరూ తుపాకీ ముట్టుకోకూడదు.

హైదరాబాద్. 2004 మే. బాస్ ఛాంబర్.

"కాల్చడానికిచ్చిన తూటాలూ, తిరిగొచ్చిన ఖాళీలూ సరిపోయాయి. మరి ఆ గుండు ఎక్కడిది?"

ఏజెంట్ ఉమామహేశ్వర బల్లమీది ఫొటో చేతిలోకి తీసుకున్నాడు. ట్రైనింగ్ రోజుల్లో ఓబులేసు అతని రూమ్మేట్.

"ఆదివారం ఆ క్లబ్బు పోటీలకి మన క్షిపణి శాస్త్రవేత్త శివప్రసాద్ చీఫ్ గెస్ట్. ఆయన్ని లేపెయ్యాలని సఫైర్ అనే విదేశీ గూఢచారి ముఠా ప్లాను. ఓబులేసు వాళ్ళకి రిహార్సల్."

"రావద్దని చెప్పొచ్చుగా సార్?"

"చెప్పాం. సొంత జిల్లాకి రాకుండా ఎట్లా అన్నాడు. అక్కడ మన మనిషి ఉంది, స్టేట్ ఛాంపియన్ శ్రీవాణి. ఆమెను కలువు. ఇంకో మాట. ఈ కేసు కోర్టుకి పోకూడదు."

ఉమామహేశ్వరకి ఆ చివరి మాట నచ్చింది.

ఆదివారం అతను పోటీకి పేరిచ్చిన ఆదోని బట్టల వ్యాపారి వేషంలో క్లబ్బులో దిగాడు. జరీపంచె, నుదుట గంధం, చెవిలో వినికిడి మిషన్లా కనిపించే రేడియో. కడప ఎండకి రేడియో పొద్దున్నే చచ్చిపోయింది. ప్రభుత్వం కొన్న సరుకు మరి.

నల్లకళ్ళద్దాల అమ్మాయి ఒకతె పక్క చాపమీద రైఫిల్ పెట్టి నవ్వింది. వందమందిలో ఉన్నా చూపు లాక్కునే నవ్వు.

"మంత్రాలయం పోతాండారా అన్నా?"

"లేదమ్మా, అహోబిలం."

కోడ్ సరిపోయింది. ఆమే శ్రీవాణి.

తుపాకులు కాల్చే ఆ రేంజికి పెద్ద వీరభద్రయ్య, రిటైర్డ్ హవల్దార్. శ్రీవాణికి గౌను వేసుకునే వయసునుంచీ ఆయనే గురువు. ఆయనకి ఆమె సొంత మనవరాలికన్నా ఎక్కువ.

"కాల్చేది గొప్ప కాదప్పా," అన్నాడు ఆయన కొత్త వ్యాపారితో. "కాల్చినాంక ఎవురి గలీజు వాళ్ళే ఎత్తాల. ఎత్తకుంటే అందురి ముందరా గుంజీళ్ళు తీయాల. ఎమ్మెల్యే మనుషులు గుడక తీసినారు ఈడ."

పోటీ మొదలైంది. ముగిసింది. తుపాకులు ఖాళీ చేసి చాపలమీద పెట్టారు. ఎర్రజెండా లేచింది. అందరూ వంగి ఖాళీలు ఏరుకుంటున్నారు. శ్రీవాణిది ఒకటి దొర్లి ఉమామహేశ్వర చాపమీదికి వచ్చింది.

అతను దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అప్పుడే పేలిన తూటా మందు కంపు కొట్టాలి. ఇది సెంటు వాసన కొట్టింది.

హ్యాండ్ బ్యాగులోంచి వచ్చిన పాత ఖాళీ. దీన్ని లెక్కలో కలిపేసి, కాల్చని తూటా ఒకటి దాచుకుంది. ఓబులేసును చంపింది కూడా ఇట్లాగే. తమవైపు ఉండి అవతలికి పనిచేస్తున్నది ఎవరో అతనికి తెలిసిపోయింది.

"మీదేనమ్మా," అని మర్యాదగా అందించాడు.

"శానా థ్యాంక్సన్నా."

ఖాళీలు అప్పజెప్పడానికి ఆమె వీరభద్రయ్య దగ్గరికి వెళ్ళింది. ఉమామహేశ్వర గొట్టం తుడిచే తన క్లీనింగ్ రాడ్డు ఇత్తడి మూతి ఊడదీసి, నూనెగుడ్డ చుట్టి, ఆమె రైఫిల్ గొట్టంలోకి గట్టిగా దిగ్గొట్టాడు.

"ఖాళీలు సరిపోయినాయి. ఇంక ఊడ్వండప్పా," అని కేకేశాడు వీరభద్రయ్య.

చీపుర్లు కదిలాయి. తలలన్నీ వంగాయి. శివప్రసాద్ చేతులు వెనక్కి కట్టుకుని టార్గెట్లు చూడ్డానికి నడిచాడు. శ్రీవాణి చాప దులుపుతున్నట్టు వంగి, దానిమీదే పడుకుని, తూటా ఎక్కించి, ఆయన వీపుకి గురిపెట్టింది.

ఒక్క కేక వేస్తే ఆ పిల్ల బతికేది. ఉమామహేశ్వర వెయ్యలేదు. ఓబులేసుకి ఎవరు వేశారు?

ఆమె ట్రిగ్గర్ నొక్కింది.

గొట్టం ఆమె ముఖం దగ్గరే పగిలింది. శివప్రసాద్ ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు, ఒంటిమీద గీత లేదు. శ్రీవాణి వెంటనే చావలేదు. వీరభద్రయ్య ఒళ్ళో, ఆయన్ని తాతా అని రెండుసార్లు పిలిచాక చచ్చిపోయింది. ఉమామహేశ్వర దూరంగా నిలబడి అంతా చూశాడు. జాలి వేయలేదు. వేయనందుకు సంతోషించాడు కూడా.

శవాన్ని తీసుకుపోయాక ముసలాయన ఇత్తడి ముక్కని వేళ్ళతో పట్టుకుని వచ్చాడు.

"నీ రాడ్డుకి మూతి లేదు. ఇది నీదేనా?"

"నాదే. ఓబులేసును చంపింది ఆమే."

"ఓహో." ఆ ముక్కని చొక్కాకి తుడిచాడు. "జెండా ఎగర్తాంటే అదీ తుపాకి ముట్టె, నువ్వూ ముడితివి. నా రేంజిలో ఇద్దురూ ఒగటే."



ఆయన చీపురు తెచ్చి అతని చేతిలో పెట్టాడు. "నీ గలీజు. నువ్వే ఎత్తాల."

పద్నాలుగు దేశాల్లో మనుషుల్ని చంపి మాయమైన ఉమామహేశ్వర జరీపంచె ఎగ్గట్టి, రక్తం పీల్చిన మట్టిని ఊడ్వడం మొదలుపెట్టాడు. సెల్లు మోగింది. బాస్.

"పని అయిందా?"

"అయింది సార్. ఊడుస్తున్నాను."

అదేదో కొత్త కోడ్ అనుకుని బాస్ ఫోన్ పెట్టేశాడు.