డబ్బా మీది పేరు

చోడవరం మెయిన్ రోడ్డులో చెప్పుల షాపు పైన ఉన్న ఆ బ్యూటీ పార్లర్‌కి నుస్రత్ రావడం అది మూడోసారి. బుచ్చయ్యపేట నుంచి షేర్ ఆటోలో, దుపట్టా ముక్కు దాకా కప్పుకుని వచ్చింది. మొటిమలు పోయి మూడేళ్లయినా వాటి గుంటలు బుగ్గల మీద అలాగే ఉండిపోయాయి. ఆ గుంటలు చూసే బట్టల షాపు ఓనరు ఆమెని కౌంటర్లో నిలబెట్టకుండా, వెనక గోడౌన్‌లో చీరలు మడతపెట్టే పనికి తోసేశాడు. "ముందు ఆ ముఖం బాగు చేయించుకో, అప్పుడు సూద్దాం" అన్నాడు, అందరి ముందూ. ఆ రోజు నుంచి నుస్రత్‌కి తిండి సహించలేదు.

పార్లర్ నడిపే స్వర్ణకుమారిది మంచి చెయ్యి, చెడ్డ నోరు. సన్నటి సూదులున్న రోలర్‌ని బుగ్గల మీద దొర్లిస్తే, పొడిచిన చోట కొత్త చర్మం పుట్టి గుంటలు పూడతాయని చెప్పింది. ఎవరి రోలర్ వాళ్లదే. డబ్బాలో పెట్టి, పేరు రాసిన స్టిక్కరు అంటించి అలమరలో దాస్తుంది.

రెండు సిట్టింగులకే గుంటలు సగం పూడాయి. అబద్ధమెందుకు, నుస్రత్ మురిసిపోయింది. కాకపోతే వారం రోజులుగా తన ఫోను ముఖం చూపిస్తే తెరుచుకోవడం లేదు. వాపు వల్ల కాబోలనుకుని నంబరు కొట్టి తెరుచుకుంటోంది.

ఆ సాయంత్రం స్వర్ణకుమారి ఆమె ముఖానికి మత్తు క్రీము రాసి, "ముప్పావుగంట కదలకు" అని బాల్కనీలోకి పోయింది. మెల్లగా బుగ్గలు మొద్దుబారాయి. ఇంతలో కరెంటు పోయింది. ఇన్వర్టరు మీద ఒక్క లైటే మిగిలింది. గదిలో స్పిరిట్ వాసన, మాడిన జుట్టు వాసన. వాటి వెనక ఇంకొకటి... పచ్చి చెరుకాకు వాసన. మేడ మీద గదిలో చెరుకాకేమిటి?

ఎదుట బల్ల మీద తన డబ్బా ఉంది. స్టిక్కరు అంచు లేచి ఉంది. ఊరుకోలేక గోటితో లాగింది. కింద ఇంకో స్టిక్కరు. పైడితల్లి అని రాసి ఉంది.

"అక్కా, ఈ పైడితల్లెవులు?"

లోపలికి వస్తున్న స్వర్ణకుమారి ముఖం మాడిపోయింది. "పాత డబ్బా అది."

"రోలర్ కూడా పాతదేనా?"

"రెండుసార్లే వాడేను ఆ పిల్లగుంటకి. తర్వాత జొరమొచ్చి పోయింది. స్పిరిట్‌లో కడిగేను కదా! కొత్తదాన్లా ఉన్నదాన్ని పారెయ్యమంతావేటి?"

నుస్రత్ లేవబోయింది. స్వర్ణకుమారి చెయ్యి భుజం మీద బరువుగా పడింది. "సగంలో ఆపితే ఆ సగం అలాగే ఉండిపోద్ది. నీ ఇష్టం."

కౌంటరు గుర్తొచ్చింది. ఓనరు నవ్వు గుర్తొచ్చింది. తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా మళ్లీ వెనక్కి వాలింది.

రోలర్ దొర్లింది. గర్... గర్... నొప్పి లేదు. కానీ చర్మం సూదులకి ఎదురెళుతోంది. ఆకలితో ఉన్నట్టు...

"నెమ్మదిగా... నా బుగ్గే అది..."

ఎవరో గుసగుసగా అన్నారు. చెవి పక్కనే. నుస్రత్ కళ్లు తెరిచింది. స్వర్ణకుమారి పెదాలు బిగించే ఉన్నాయి.

దూదితో రక్తం తుడిచి అద్దం ఇచ్చింది. ఒక్క గుంట లేదు. నున్నగా ఉంది బుగ్గ. కింది పెదవి పక్కన చిన్న పుట్టుమచ్చ. ఎప్పుడూ లేనిది. వేలితో రుద్దింది. పోలేదు.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. చెరుకాకు వాసన గుప్పుమంది.

"మళ్లీ దాపురించింది" అని స్వర్ణకుమారి పళ్లు కొరికింది.

వచ్చినావిడ పైడితల్లి తల్లి, సన్యాసమ్మ. రావికమతంలో చెరుకు కోతల నుంచి తిన్నగా వచ్చినట్టుంది. చేతిలో కూతురి ఫోను. ఆ పిల్ల ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. వారం వారం వచ్చి, తెరిచి పెట్టమని కనబడ్డ వాళ్లందరినీ అడుగుతుంది.

"నా పిల్లగుంట ముఖం సూపిత్తే గానీ తెరుసుకోదట. ఆ ముఖం నానెక్కడ తెచ్చీది?"

"దిగు కిందకి!" అని అరిచింది స్వర్ణకుమారి.

సన్యాసమ్మ దిగలేదు. నుస్రత్‌నే చూస్తోంది. కళ్లార్పలేదు. మెల్లగా ఫోను ఎత్తి ఆమె ముఖానికెదురుగా పట్టింది.

టిక్...

తెరుచుకుంది.

"నీకాడుందా..." సన్యాసమ్మ గొంతులో ఏడుపు లేదు, కసి ఉంది. కొడవలి పట్టి కాయలు కాసిన చెయ్యి నుస్రత్ మణికట్టుని ఒడిసి పట్టింది. "ఇన్నాళ్లూ నీకాడుందా నా గుంట ముఖం! పద ఇంటికి."

వదులు అనబోయింది నుస్రత్. నోరు తెరుచుకుంది.

"వస్తన్నానే అమ్మా."

పుట్టి బుద్ధెరిగాక ఆమె తన తల్లిని అమ్మీ అనే పిలిచింది. అమ్మా అన్న మాట ఆ నోట ఏనాడూ రాలేదు.

కాళ్లు లేచాయి. ఆపుదామంటే ఆగలేదు. మెట్లు దిగుతున్నాయి. బ్యాగులో ఆమె ఫోను మోగింది. తెర మీద 'అమ్మీ' అని వెలుగుతోంది. ఎత్తు... ఎత్తు... అని లోపల ఎక్కడో నుస్రత్ గుండెలు పగిలేలా అరుస్తోంది. వేలు పోయి ఆ ఫోను కట్ చేసింది.

"ఎవులే?" అంది సన్యాసమ్మ.

"ఎవులో... రాంగ్ నెంబరే అమ్మా."