ఆత్మారాం కూత

ఉగాది దాటిందంటే బోధన్ చుట్టుపక్కల కౌజు పిట్టలు జత కట్టే కాలం. అప్పుడు మగపిట్టను కూతతో పిలిచి ఉచ్చులో పడెయ్యాలంటే ఆత్మారామే అనేవాళ్ళు. చెరుకులో పాము కరిచి అతను చనిపోయి ఏడాది అయింది, అయినా అదే మాట. తనూ పిట్టలు పట్టే చిన్నయ్యకు కడుపుమంట అక్కడే. చచ్చినవాడి మీద అసూయ ఏమిటని నవ్వుతారేమో. బతికున్నవాడైతే ఎప్పుడో ఒకప్పుడు తప్పు కూస్తాడు. చచ్చినవాడు కూయడు కదా!

పని నేర్పింది కూడా ఆత్మారామే. "పిట్ట గింజలకు రాదు చిన్నయ్యా. నా జాగల ఇంకోడు కూస్తుండేందని మంటతోని వస్తది. కూసి ఊకో. నువ్వు ఊకుంటెనే దానికి ఇంకింత మండుతది," అనేవాడు. అంటూనే పిట్ట మెడ ఎత్తుకు నైలాన్ దారం కట్టి, ముడిని ఉమ్మితో తడిపి బిగించేవాడు.

ఆ సాయంత్రం చిన్నయ్య బయల్దేరుతుంటే భార్య రుక్మాబాయి నవ్వింది.

"ఉత్త చేతులతోనే వస్తవ్ తియ్యి. ఆత్మారామన్న ఉంటే ఈపాటికి సంచి నిండుతుండె."

"ఇయ్యాల సూడు," అన్నాడు చిన్నయ్య. పిట్ట లేకుండా గడప తొక్కనని మనసులో ఒట్టు పెట్టుకున్నాడు.

ఊరి చివర కోయకుండా మిగిలిన చెరుకు మడి ఒక్కటే ఉంది. ఎండుటాకుల వాసన, కాలువ పారిన తడిమట్టి వాసన. ఉచ్చులు కట్టి, గట్టు చాటున కూర్చుని, చేతులు నోటికి అడ్డం పెట్టి కూశాడు.

చెరుకులోంచి జవాబు వచ్చింది.

ఇక ఊరుకోవాలి. సంతోషం పట్టలేక మళ్ళీ కూశాడు. ఈసారి జవాబు అతని కూత కంటే బాగుంది. చివర్లో చిన్న విరుపు... ఆ విరుపు ఏ పిట్టకూ లేదు. ఆత్మారాంకే ఉండేది.

భయపడాల్సింది. కానీ ఒళ్ళు మండింది.

"సచ్చినంక గూడ నా జాగలనేనా?" గొణుక్కుంటూ చెరుకులో దూరాడు.

ఆకులు చేతులు కోస్తున్నాయి. లోపల అప్పుడే చీకటి. కూత ఇంకొంచెం అవతల... మళ్ళీ ఇంకొంచెం అవతల... అంతలో ఆగిపోయింది.

గాలి లేదు. కీచురాయి కూడా అరవడం లేదు. ఆ నిశ్శబ్దం అతనికి కూత కంటే ఎక్కువ మంట పెట్టింది.

"ఏడున్నవ్?" అన్నాడు మెల్లగా. "కూయరాదూ..."

కాళ్ళు వాటంతటవే నడుస్తున్నాయి.

అప్పుడు తెలిసింది. అతను వెతుక్కుంటూ రాలేదు. పిలిస్తే వచ్చాడు.

గిర్రున వెనక్కి తిరిగాడు. మెడకు ఏదో సన్నగా తగిలింది. కదలకుండా నిలబడి చేత్తో తడిమాడు. రెండు చెరుకు గడల మధ్య నైలాన్ దారం. సరిగ్గా అతని మెడ ఎత్తుకు...

వేళ్ళు ముడిని వెతికాయి.

ముడి ఇంకా తడిగా ఉంది.