బుగ్గలో గడ్డ, మాజు ముందు ఒట్టు

పింగ్‌తుంగ్ ఊళ్ళో మా వీధి చివరి ఇంట్లో ఆ ఉదయం చిలగడదుంప గంజి ఉడుకుతోంది. చింగ్‌షుయ్ రోజూలాగే పోయిన పెద్దల పీఠం ముందు అగరొత్తులు పట్టుకుని నిలబడి, పెద్దగా ఆవులించాడు. అప్పుడే పడింది భార్య బీషియా కంట్లో, అతని ఎడమ బుగ్గ లోపల వేరుశనగ గింజంత పసుపుపచ్చని గడ్డ.

చింగ్‌షుయ్ వాళ్ళ అన్న వక్క నమిలి నమిలి నోటి క్యాన్సర్‌తో పోయాడు. ఆ ఏడే ఇతను మాజు అమ్మవారి గుడిలో ఇక వక్క ముట్టనని ఒట్టేశాడు. అమ్మవారి మాట తెలుసుకోవడానికి వేసే చంద్రవంక చెక్కలు మూడుసార్లు విసిరితే మూడుసార్లూ అమ్మవారు సరేనంది. అది జరిగి ఆరేళ్ళు.

"మళ్ళీ మొదలెట్టావన్నమాట!" అంది బీషియా.

"లేదే. వాసన కూడా చూడలేదు."

"మరి ఆ గడ్డ ఆకాశంలోంచి ఊడిపడిందా? మీ అన్నకీ బుగ్గలోనే మొదలైంది. అమ్మవారి ముందు అబద్ధపు ఒట్టేసిన చేత్తో పెద్దలకి అగరొత్తి పెట్టకు!" అంటూ చేతిలోవి లాక్కుంది.

కోడలు యావెన్ గరిటెతో అలాగే నిలబడిపోయింది. "అత్తయ్యా, ముందు డాక్టరుకి చూపిద్దాం."

"నువ్వూరుకో. మీ మామయ్యని వెనకేసుకు రావడం నీకు అలవాటేగా!"

అంతటితో ఆగిందా? బజారులో చేపలమ్మే ఆవిడకి చెప్పింది, కూరలమ్మే ఆవిడకి చెప్పింది. వక్కల కొట్టుకి వెళ్ళి "మా ఆయన ఏ వేళకి వస్తాడు?" అని ఆరా తీసింది. రాడని కొట్లో అమ్మే పిల్ల చెప్పినా నమ్మలేదు. చింగ్‌షుయ్ మాత్రం ఆ రోజు నుంచి ఇంట్లో మాట్లాడటమే మానేశాడు.

మర్నాడు ఆసుపత్రిలో గడ్డ కోసి మందునీళ్ళ సీసాలో వేస్తే, మునగకుండా పైకి తేలింది. "కొవ్వులా ఉంది, పరీక్షకి పంపుతాం" అంది డాక్టరు. వారం తర్వాత కాగితం వచ్చింది.

"వక్క వల్లే కదా?" బీషియా ముందే అడిగేసింది.

"కాదమ్మా. నోట్లో కొవ్వుగడ్డలు రకరకాలు. కొన్నిట్లో ఉత్త కొవ్వే ఉంటుంది, కొన్నిట్లో రక్తనాళాలు ఎక్కువ, కొన్నిట్లో జిగురు. మీవారిది కొవ్వు మధ్య నారపోగులు అల్లుకున్న రకం. క్యాన్సర్ కాదు, వక్కకీ దీనికీ సంబంధం లేదు. పైగా బుగ్గ లోపల ఎంత శుభ్రంగా ఉందో! వక్క మానేసి చాలా ఏళ్ళయి ఉండాలి, అవునా తాతగారూ?"

చింగ్‌షుయ్ తలూపాడు. బీషియా మెడ వంగిపోయింది. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

తిరిగొచ్చే బస్సులో ముందు సీటులోనే చేపలమ్మే ఆవిడ కూర్చుని ఉంది. బీషియా మొగుడి పక్కన కూర్చుంది.

"నేను తప్పు చేశాను" అంది, వినీ వినబడకుండా.

"ఊరుకోవే, జనం వింటారు."

"నీ మీద నింద వేసినప్పుడు వినలేదా జనం?" బీషియా లేచి కడ్డీ పట్టుకుని నిలబడింది. మొహం ఎర్రబడింది, కళ్ళనీళ్ళు ధార కట్టాయి. "చేపలక్కా, ఇటు చూడు. మా ఆయన ఆరేళ్ళుగా వక్క ముట్టలేదు. నేనే నోరు పారేసుకున్నాను. బజారులో నేను చెప్పిన వాళ్ళందరికీ రేపు నేనే చెప్పుకుంటాను."

బస్సంతా ఆమె వంకే చూసింది. చింగ్‌షుయ్ ఆమె చొక్కా అంచు పట్టి మెల్లగా కిందకి లాగాడు.

"కూర్చోవే, పడతావ్" అన్నాడు. వారం రోజుల తర్వాత అతను తనంతట తానుగా ఆమెతో అన్న మొదటి మంచి మాట అది.